చిన్న టెలిస్కోపుతో సూర్యుణ్ణి చూడటం: ఏ పద్ధతి ఎవరికి సరిపడుతుంది, ఫోకస్ ఎలా కుదురుతుంది

గోదావరి డెల్టాలో చిన్న టెలిస్కోపు కొన్నవారిలో చాలామంది చందమామ మీది గుంటలను, గురుగ్రహపు నాలుగు చంద్రులను, శని వలయాన్ని చూశాక దానిని అటక ఎక్కిస్తారు. తప్పంతా వారిది కాదు. జూన్ నుంచి అక్టోబరు వరకు రాత్రి ఆకాశం ఎక్కువగా మబ్బు పట్టి ఉంటుంది. తెరిపి ఇచ్చిన రాత్రుల్లో కూడా వీధి దీపాలు, రొయ్యల చెరువుల గట్ల మీద తెల్లవార్లూ వెలిగే లైట్లు కలిసి పాలపుంతను మింగేస్తాయి. వీధి దీపం చెరపలేని నక్షత్రం ఒక్కటే ఉంది, అది పగలు కనిపిస్తుంది. 70 మిల్లీమీటర్ల టెలిస్కోపు కూడా దాని మీద భూమి కంటే చిన్నవైన మచ్చలను చూపగలదు.

సూర్యుణ్ణి చూసేందుకు నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నాయి: గొట్టం మూతికి బిగించే ఫిల్టరు, కాగితం మీదకు బింబాన్ని పంపే ప్రొజెక్షన్, హెర్షెల్ వెడ్జ్, హైడ్రోజన్-ఆల్ఫా టెలిస్కోపు. వీటిలో ఏది మంచిదని అడిగేవారిని నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. టెలిస్కోపు చుట్టూ ఎవరు నిలబడబోతున్నారు? మీ దగ్గరున్నది లెన్సు టెలిస్కోపా, అద్దం టెలిస్కోపా? ఈ రెండింటికి జవాబు చెబితే ఎంపిక దాదాపు అయిపోతుంది. మిగిలేది ఫోకస్ కుదరడమే, నిజానికి ఎక్కువమంది నిరుత్సాహపడేది అక్కడే.

వెలుగును ఎక్కడ ఆపాలి

ఎండలో మన కంటిపాప సుమారు 2 మిల్లీమీటర్లకు కుంచించుకుంటుంది. 70 మిల్లీమీటర్ల లెన్సు దానికంటే 1,200 రెట్లకు పైగా వెలుగును పోగుచేసి అదే కంటిలోకి పంపుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి, కాలుతున్న సంగతి కాలేటప్పుడు తెలియదు. కొన్ని గంటలు గడిచి చూపు నడిమధ్యలో మసక మచ్చ ఏర్పడినప్పుడు తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. అందువల్ల వెలుగు గొట్టంలోకి ప్రవేశించక ముందే తగ్గిపోవాలి, లేదా ఎవరి కంటిలోకీ పోకుండా కాగితం మీద పడాలి. ఈ నియమానికి వెడ్జ్ ఒక్కటే మినహాయింపు, దాని సంగతి తరువాత చెబుతాను.

ఈ కొలబద్దతో చూస్తే అన్నిటికంటే ముందు పారేయవలసింది, పాత చవక టెలిస్కోపుల పెట్టెల్లో ‘సన్’ అని రాసి వచ్చే చిన్న నల్ల గాజు బిళ్ల. దానిని ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) అడుగున మర తిప్పి బిగిస్తారు. అంటే లెన్సు పోగుచేసిన వేడి అంతా వచ్చి ఆ బిళ్ల మీదనే పడుతుంది. అది ఎప్పుడు పగులుతుందో చెప్పలేము, పగిలిన క్షణంలో కన్ను సరిగ్గా దాని వెనుకే ఉంటుంది. నా మొదటి టెలిస్కోపుతో వచ్చిన బిళ్ల ఒక వేసవి ఉదయం చిటుక్కున పగిలింది. అప్పుడు నేను నోటు పుస్తకంలో వేళ రాసుకోవడానికి తల వంచి ఉన్నాను, అంతే, అందులో నా తెలివి ఏమీ లేదు. మీ పెట్టెలో అలాంటి బిళ్ల ఉంటే దాచిపెట్టవద్దు, ఇంకొకరికి ఇవ్వవద్దు, సుత్తితో పగలగొట్టి చెత్తలో వేయండి.

గ్రహణాల కోసం అమ్మే అట్ట కళ్లజోడు ఐఎస్ఓ 12312-2 ప్రమాణానికి తగినదైనా వట్టి కంటికి మాత్రమే పనికి వస్తుంది. దానిని పెట్టుకుని ఐపీస్‌లో చూస్తే, గొట్టంలోంచి వచ్చే వేడికి ఆ ఫిల్ము క్షణాల్లో కాలిపోతుంది. 14వ నంబరు వెల్డింగు గాజు కూడా అంతే, వట్టి కంటి వరకే. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, సీడీ ముక్క వట్టి కంటికి సైతం క్షేమం కాదు. 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం నాడు పళ్లెంలో రోకలి నిలబెట్టి, పట్టు విడుపులు చూసుకున్న ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి; రోకలి వల్ల కంటికి వచ్చిన హాని ఏమీ లేదు గానీ, పసుపు నీళ్లలోనో పేడ నీళ్లలోనో సూర్యుడి ప్రతిబింబాన్ని తదేకంగా చూడటం మాత్రం మంచిది కాదు.

అందరూ మరిచిపోయేది ఫైండరును. గురి పెట్టడానికి పెద్ద గొట్టం మీద బిగించే అది కూడా ఒక చిన్న టెలిస్కోపే. పెద్ద గొట్టానికి శ్రద్ధగా ఫిల్టరు బిగించి ఫైండరు మూత తెరిచి ఉంచితే, పక్కన నిలబడిన పిల్లవాడు దానిలో కన్ను పెడతాడు. నేను ఒకసారి మూత పెట్టడం మరిచి, కాలిన వాసన ఎక్కడి నుంచి వస్తోందా అని అటూ ఇటూ చూస్తే, నా చొక్కా భుజం మీద మిరియపు గింజంత చిల్లు పడి ఉంది. అప్పటి నుంచి పగటి పూట ఫైండరును ఊడదీసి ఇంట్లోనే వదిలి వెళుతున్నాను. సూర్యుడి వైపు గురి పెట్టడానికి అది అవసరం లేదు: నేల మీద పడిన గొట్టం నీడ పొడవు తగ్గి తగ్గి వీలైనంత చిన్న వృత్తంగా మారినప్పుడు గొట్టం సూర్యుడి వైపు ఉన్నట్లే.

గొట్టం మూతికి బిగించే ఫిల్ము

చూసేది మీరూ, ఇంట్లోవాళ్లూ, ఒకరిద్దరు స్నేహితులూ అయితే, టెలిస్కోపు ఏ రకానిదైనా, నా మొదటి ఎంపిక ఇదే. దీనికి అయ్యే ఖర్చు టెలిస్కోపు ఖరీదులో చిన్న భాగం. ఎక్కువగా వాడుకలో ఉన్నది బాడర్ వారి ఆస్ట్రోసోలార్ ఫిల్ము. ఇది రెండు రకాలుగా దొరుకుతుంది, చూపులకు రెండూ ఒకేలా ఉంటాయి. 5.0 అని రాసి ఉన్నది లక్షలో ఒక వంతు వెలుగును మాత్రమే లోపలికి రానిస్తుంది. 3.8 అని ఉన్నది దానికంటే దాదాపు 16 రెట్లు ఎక్కువ వెలుగును వదులుతుంది, ఎందుకంటే అది కెమెరాల కోసం చేసినది. కంటితో చూసేవారు 5.0 తప్ప ఇంకొకటి కొనకూడదు; ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బొమ్మను నమ్మకుండా ఆ అంకెను చూసి కొనండి.

ఈ ఫిల్ము వెండి కాగితంలా ముడతలు పడి ఉండటం చూసి చాలామంది దానిని తప్పెట చర్మంలా బిగలాగి అతికిస్తారు. అది పొరపాటు. లాగితే బింబం చెడుతుంది; వదులుగా, కొద్దిపాటి ముడతలతో ఉన్నప్పుడే ఫోకస్ పదునుగా వస్తుంది. రెండు అట్ట చట్రాల నడుమ రెండు వైపులా అంటుకునే టేపుతో ఫిల్మును పరిచి, గొట్టం మీదకు బిగుతుగా దిగే కంఠం ఒకటి తయారు చేసుకోవచ్చు. మన వాతావరణంలో వర్షాకాలపు చెమ్మకు అట్ట మెత్తబడి జారిపోతుంది కాబట్టి, చెరువుల దగ్గర మిగిలే పీవీసీ గొట్టం ముక్కల్లో సరిపడే కొలత దొరికితే దానితో చేసిన కంఠం చాలా కాలం మన్నుతుంది. ఏది చేసినా, దానిని గొట్టానికి రెండు మూడు చోట్ల టేపుతో కట్టివేయాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగినప్పుడు వదులుగా ఉన్న ఫిల్టరును అది లేపుకుపోవడానికి ఒక్క విసురు చాలు, ఆ సమయంలో ఐపీస్ దగ్గర ఎవరి కన్ను ఉంటుందో మన చేతిలో లేదు.

చూసే ప్రతిసారీ, గొట్టానికి పెట్టకముందు, ఫిల్మును ప్రకాశవంతమైన ఎల్ఈడీ దీపానికి అడ్డంగా పట్టుకుని పరీక్షించాలి. సూదిమొనంత చుక్క ఒకటి కనిపిస్తే నల్ల రంగు చిన్న బొట్టుతో మూసివేయవచ్చు. చుక్కలు చాలా ఉంటే, గీతలు పడితే, పూత పొట్టులా లేస్తుంటే దానిని పారేయడమే. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఏ లోహపు పూత అయినా త్వరగా పాడవుతుంది. నేను నా ఫిల్టరును సిలికాజెల్ పొట్లంతో కలిపి మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో పెడతాను.

గాజు ఫిల్టర్లు కూడా దొరుకుతాయి. చేతికి దృఢంగా ఉంటాయి, సూర్యుణ్ణి నారింజ రంగులో చూపిస్తాయి, అది కొందరికి ముచ్చటగా ఉంటుంది. అయితే చవకరకం గాజు సమతలంగా లేకపోతే ఎంత తిప్పినా అంచు పదునెక్కదు, ఆ లోపాన్ని మనం ఫోకస్ లోపమనుకుని గంటలు వృథా చేస్తాము. ఫిల్ములో సూర్యుడు తెల్లగా, కాస్త నీలి ఛాయతో కనిపిస్తాడు. రంగు కోసం గాజును ఎంచుకోవద్దన్నది నా అభిప్రాయం.

అద్దం టెలిస్కోపులు ఉన్నవారికి ఒక హెచ్చరిక. 76 లేదా 114 మిల్లీమీటర్ల గొట్టాలకు ఇచ్చే ప్లాస్టిక్ మూతలో ఒక పక్కగా చిన్న మూత, దాని కింద చిన్న రంధ్రం ఉంటాయి. సూర్యుణ్ణి చూడటానికే ఆ రంధ్రం పెట్టారని అనుకునేవారు ఉన్నారు. అది ఫిల్టరు కాదు, వట్టి రంధ్రం. దానికి లోపలి వైపు 5.0 ఫిల్ము అతికిస్తే క్షేమమే గానీ, లోనికి వచ్చే వెలుగు దారి సన్నబడినకొద్దీ సూక్ష్మ వివరం పోతుంది. ఏ4 పరిమాణంలో వచ్చే ఫిల్ము 114 మిల్లీమీటర్ల మూతికి పూర్తిగా సరిపోతున్నప్పుడు చిన్న రంధ్రంతో సరిపెట్టుకోవలసిన అవసరం లేదు.

కాగితం మీద సూర్యుడు

తాటాకు పాకలో మధ్యాహ్నం పడుకున్నవారికి కప్పు సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి వెలుగు బిళ్లలు తెలుసు. సందు ఏ ఆకారంలో ఉన్నా బిళ్ల గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యుడి బింబమే. కప్పు రెండున్నర మీటర్ల ఎత్తున ఉంటే బింబం సుమారు 23 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎత్తును 109తో భాగిస్తే చాలు. టెలిస్కోపు ప్రొజెక్షన్ దీనికి పదును పెట్టిన రూపం. గెలీలియో శిష్యుడు కాస్తెల్లి చూపిన ఈ పద్ధతిలోనే 1612 నుంచి సూర్యుడి మచ్చలను కాగితం మీద గీశారు, 1639లో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రజ్ఞుడు హారక్స్ శుక్రగ్రహం సూర్యుడి మీదుగా పోవడాన్ని చూసినది కూడా కాగితం మీదనే.

ముప్పై మంది బడిపిల్లలకు ఒకేసారి చూపాలన్నా, రథసప్తమికి గొల్లల మామిడాడ సూర్యదేవాలయానికి వచ్చే జనంలో పదిమందిని ఆపి మచ్చలు చూపాలన్నా ఇంతకు మించిన పద్ధతి లేదు. ఐపీస్‌లో ఒక్కొక్కరు అర నిమిషం చూసినా ముప్పై మందికి పావుగంట పడుతుంది, పైగా ప్రతి ఒక్కరి వల్లా గొట్టం కొంచెం కదులుతుంది. కాగితం మీదైతే ఉపాధ్యాయుడు పుల్లతో చూపిస్తూ ఇది మచ్చ నడిమి నలుపు, ఇది చుట్టూ ఉండే బూడిద రంగు అంచు అని అందరికీ ఒకేసారి చెప్పగలడు.

కానీ ఇది లెన్సు టెలిస్కోపుకు మాత్రమే. అద్దం టెలిస్కోపులో పోగైన వేడి ముందు వైపున్న చిన్న అద్దం మీద, దాని ప్లాస్టిక్ పిడి మీద పడుతుంది. పెద్ద అద్దం, దిద్దుబాటు పలక కలిసిన మూసిన గొట్టాల్లో అయితే వేడి లోపలే చిక్కుకుంటుంది. లెన్సు టెలిస్కోపులో కూడా ఐపీస్ వేడెక్కుతుంది. మంచి ప్లోజల్ ఐపీస్‌లో రెండు గాజులను అతికించే జిగురు ఉంటుంది, అది చెడిపోవచ్చు. టెలిస్కోపుతో ఉచితంగా వచ్చే, రాత్రి పూట ఎవరూ ఇష్టపడని ‘హెచ్’ అక్షరం రకం ఐపీస్‌లో జిగురు లేదు కాబట్టి, దానికి గౌరవం దక్కే పని ఇదొక్కటే. అయితే దాని ఒంటి భాగం లోహమైతేనే వాడాలి. లెన్సు ముందు నలభై, యాభై మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న అట్టను పెట్టి వెలుగును తగ్గించడం, ప్లాస్టిక్ డయాగనల్‌ను (వెలుగును పక్కకు మళ్లించి ఐపీస్‌కు పంపే వంపు ముక్కను) తీసివేసి నేరుగా వెనక్కు ప్రొజెక్ట్ చేయడం, అయిదు నిమిషాలకొకసారి గొట్టాన్ని పక్కకు తిప్పడం మంచిది.

బింబం ఎంత వస్తుందో ముందే లెక్క కట్టవచ్చు. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం (లెన్సు నుంచి బింబం కుదిరే చోటికి ఉన్న దూరం) ఉన్న టెలిస్కోపుకు 20 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి, దానికి 30 సెంటీమీటర్ల వెనుక కాగితం ఉంచితే సూర్యుడు సుమారు 9 సెంటీమీటర్ల వెడల్పుతో పడతాడు. కాగితాన్ని ఇంకా దూరం జరిపితే బింబం పెరుగుతుంది, వెలుగు పలచబడుతుంది. గొట్టం చుట్టూ పెద్ద అట్ట తొడిగి కాగితం మీద నీడ పడేలా చేయకపోతే మచ్చలు ఎండలో కలిసిపోతాయి.

దీనిలో ప్రమాదం ఒకటే, అది చిన్నది కాదు: టెలిస్కోపు వడపోత లేకుండా సూర్యుడి వైపు ఉంది, ఐపీస్ తెరిచి ఉంది. ఒక బడిలో నేను అలా చూపిస్తుండగా ఒక అబ్బాయి బింబం ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని తల పెట్టబోయాడు, నా చెయ్యి ముందు పడింది కాబట్టి సరిపోయింది. తరువాత నుంచి నేను ఐపీస్‌ను అట్టపెట్టెలో మూసి, పెట్టె అవతలి వైపు పలచని తెల్ల కాగితం అతికించి, బింబాన్ని బయటి నుంచి చూపిస్తున్నాను. ఐపీస్ అందకుండా మూయలేని చోట, పక్కన పెద్దవారెవరూ నిలబడని చోట ప్రొజెక్షన్‌ను అసలు ఎంచుకోవద్దు.

వెడ్జ్, హైడ్రోజన్-ఆల్ఫా

హెర్షెల్ వెడ్జ్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసం చదివే ఎక్కువమందికి అది అవసరం లేదు. డయాగనల్ స్థానంలో పెట్టే గాజు పట్టకం ఇది. వచ్చిన వెలుగులో సుమారు 5 శాతాన్ని మాత్రమే కంటి వైపు తిప్పి, మిగతాదాన్ని వెనక్కు వదిలేస్తుంది. ఆ 5 శాతం కూడా కంటికి ఎక్కువే కాబట్టి, దాని మీద మరో నల్ల ఫిల్టరు తప్పనిసరి. ఇది లెన్సు టెలిస్కోపుకే పనికి వస్తుంది. మంచి లెన్సుతో కలిస్తే తెల్లటి వెలుగులో దీనంత పదునైన బింబం ఇంకొకటి ఇవ్వదు. అయితే మామూలు 70 మిల్లీమీటర్ల లెన్సుకు ఫిల్ముతో వచ్చేదానికంటే ఇది ఇచ్చే లాభం స్వల్పం, ఖరీదు మాత్రం ఆ టెలిస్కోపును మించవచ్చు.

హైడ్రోజన్-ఆల్ఫా వేరే లోకం. మిగతా మూడు పద్ధతులు సూర్యుడి ఉపరితలాన్ని చూపితే, ఇది 656.3 నానోమీటర్ల ఒకే ఒక్క ఎరుపు వెలుగులో ఆ పైనున్న పొరను, అంచున ఎగసే జ్వాలలను చూపిస్తుంది. ఆ జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా చూడవచ్చని తెలిసింది మనకు దగ్గరలోనే: 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని గుంటూరులో చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మరునాడు మామూలు ఎండలో తన స్పెక్ట్రోస్కోపుతో వాటిని మళ్లీ పట్టుకున్నాడు. నేటి హైడ్రోజన్-ఆల్ఫా టెలిస్కోపులు ఆ పనిని నానోమీటరులో పదో వంతు కంటే సన్నటి పట్టీని వడగట్టి చేస్తాయి. అంత సన్నగా వడగట్టడం ఖరీదైన పని. 40 మిల్లీమీటర్ల చిన్నదానికి కూడా మామూలు 70 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు అయ్యేదానికి అనేక రెట్లు అవుతుంది. రాత్రి నెబ్యులాల ఫోటోలకు వాడే హైడ్రోజన్-ఆల్ఫా ఫిల్టరుకు పేరు ఒకటే గానీ దాని పట్టీ ఎంతో వెడల్పు. దానితో సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది.

ఖర్చు భరించగలవారు ఆలోచించవలసిన మాట ఒకటుంది. సూర్యుడి మచ్చలు దాదాపు 11 ఏళ్ల చక్రంలో పెరిగి తరుగుతాయి. 2019 డిసెంబరులో మొదలైన 25వ చక్రం 2024లో పతాక స్థాయికి చేరింది, ఇక రానున్న సంవత్సరాల్లో మచ్చలు తగ్గుతూ పోతాయి. కనిష్ఠం దగ్గరపడ్డాక ఫిల్ముతోనో కాగితం మీదనో చూస్తే రోజుల తరబడి ఒక్క మచ్చ కూడా కనిపించకపోవచ్చు. హైడ్రోజన్-ఆల్ఫాలో అప్పుడు కూడా అంచున జ్వాలలు ఉంటాయి. అయినా మొదటి సంవత్సరమే దానిని కొనవద్దు. ఫిల్ముతో ఫోకస్ పట్టడం నేర్చుకోని కంటికి హైడ్రోజన్-ఆల్ఫా వట్టి ఎర్ర బంతిలా కనిపిస్తుంది.

ఫోకస్

సూర్యుడు సరిగా కనిపించడం లేదని నా దగ్గరకు టెలిస్కోపు తెచ్చినవారిలో ఎక్కువమంది ఫిల్టరును నిందించారు, దోషం మాత్రం ఫోకస్‌లో ఉండేది. దీనికి కారణం ఉంది. చందమామ నిండా గుంటల అంచులు, నీడలు ఉంటాయి కాబట్టి, మర తిప్పుతుండగానే కంటికి పట్టు దొరుకుతుంది. సూర్యుడు నున్నటి పళ్లెం. ఫోకస్ కాస్త తప్పినా పళ్లెంలాగే ఉంటాడు, చిన్న మచ్చలు మాత్రం మాయమైపోతాయి. చూసినవారు ఇవాళ మచ్చలు లేవనుకుని మూట కట్టేస్తారు.

అందుకు నేను వాడే ఉపాయం రాత్రే మొదలవుతుంది. మన టెలిస్కోపుకు చంద్రుడూ సూర్యుడూ ఒకే దూరంలో ఉన్నట్లే. ముందు రాత్రి చంద్రుణ్ణి పదునుగా చూసి, ఐపీస్ పట్టే లోపలి గొట్టం ఎక్కడి దాకా బయటికి వచ్చిందో అక్కడ సన్నటి టేపు ముక్క అతికిస్తే, మరునాడు అదే ఐపీస్‌తో సూర్యుడి దగ్గర మర అర చుట్టు లోపలే పని అయిపోతుంది. చంద్రుడు లేని రోజుల్లో కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవరును వాడుకోవచ్చు. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి ఆ దూరం వల్ల వచ్చే తేడా అర మిల్లీమీటరు, అంటే సూర్యుడికి గొట్టాన్ని అర మిల్లీమీటరు లోపలికి నెట్టాలి. పక్క తోటలోని కొబ్బరిచెట్టు మాత్రం పనికి రాదు, అది మరీ దగ్గర.

ఫిల్ముతో చూసేటప్పుడు ముందు తక్కువ పెంపుతో, సుమారు 35 రెట్లతో, బింబం మొత్తాన్ని చూపులోకి తెచ్చుకుని అంచు మీద ఫోకస్ పెట్టాలి. అంచు గీత గీసినట్లు అయ్యాక దానిని వదిలి మచ్చ మీదకు రావాలి. అంచు మోసం చేస్తుంది, మచ్చ నలుపుకూ దాని చుట్టూ ఉన్న బూడిద రంగుకూ మధ్య హద్దు మోసం చేయదు. మరను పదును దాటి పోయేదాకా తిప్పి, మళ్లీ వెనక్కు తెచ్చి, నడిమి చోటు పట్టుకోవాలి. చిన్న టెలిస్కోపుల మరల్లో వదులు ఉంటుంది, కాబట్టి చివరి తిప్పుడు ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావాలి. ఆ తరువాతే 70, 80 రెట్లకు వెళ్లాలి. పగటి గాలిలో 100 రెట్లు దాటితే చాలా రోజులు బింబం పెరుగుతుంది గానీ వివరం పెరగదు. చుట్టూ ఉన్న ఎండ కంటిని కుంచింపజేస్తుంది కాబట్టి, పాతకాలపు ఫోటోగ్రాఫరులాగా తల మీద నల్ల గుడ్డ కప్పుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఎండకు గొట్టం వేడెక్కే కొద్దీ ఫోకస్ మెల్లగా జారుతుంది. పది నిమిషాలకొకసారి సరిచూసుకోవాలి.

హ్రస్వదృష్టి ఉన్నవారు కళ్లజోడు తీసి చూస్తే గొట్టాన్ని కాస్త లోపలికి నెట్టవలసి వస్తుంది, ఆ వెంటనే చూసే మామూలు చూపువారికి అది మసక. నలుగురు వరుసగా చూసే ఇంట్లో ప్రతి ఒక్కరికీ మర తిప్పడం నేర్పాలి, లేకపోతే మొదటివారు చూసినదే మిగతావారికి కనిపిస్తుందని అనుకోవలసి వస్తుంది. ప్రొజెక్షన్‌కు ఈ బాధ లేదు. కాగితం మీద పదునుగా ఉంటే అందరికీ పదునుగానే ఉంటుంది, గుంపులకు నేను దానిని ఎంచుకోవడంలో సగం కారణం ఇదే.

అయితే ప్రొజెక్షన్‌కు ఫోకస్ చోటు వేరు. ఐపీస్ కంటి కోసం కాక కాగితం కోసం బింబాన్ని నిలపాలి కాబట్టి, టేపు గుర్తు కంటే గొట్టం బయటికి రావాలి. పైన చెప్పిన 20 మిల్లీమీటర్ల ఐపీస్, 30 సెంటీమీటర్ల దూరానికి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. కాగితం దూరం మార్చిన ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చేయాలి. కాగితం మీద కనిపించే నల్ల చుక్క మచ్చా, ఐపీస్ మీది దుమ్మా అన్న సందేహం వస్తే ఐపీస్‌ను దాని తొర్రలోనే తిప్పండి. దానితో పాటు తిరిగేది దుమ్ము. లేత మచ్చలు పోల్చుకోవాలంటే కాగితాన్ని అటూ ఇటూ వేగంగా ఆడించాలి, అప్పుడు కాగితపు నార అలుక్కుపోయి సూర్యుడి మీది గుర్తులు మాత్రమే నిలుస్తాయి.

వెడ్జ్ పెట్టినప్పుడు కొన్ని చిన్న టెలిస్కోపుల్లో గొట్టం లోపలికి పోవలసినంత పోదు, అసలు ఫోకసే అందదు. కొనే ముందు ఇది కనుక్కోవాలి. హైడ్రోజన్-ఆల్ఫాలో తిప్పవలసినవి రెండు, ఒకటి ఫోకస్ మర, రెండోది వెలుగు పట్టీని సరిచేసే మర. ముందు అంచు మీద ఫోకస్, తరువాత బింబం మీది నల్ల దారాల్లాంటివి స్పష్టమయ్యే దాకా పట్టీ, మళ్లీ ఫోకస్, ఈ వరుసలో పోవాలి. ఫోన్‌తో ఫోటో తీసేవారు తెర మీద మచ్చను నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు రెండింటినీ తాళం వేయకపోతే, ఫోన్ తనకు తోచినట్లు మార్చుకుంటూ పోతుంది.

గాలి, చోటు, వేళ

ఎంత తిప్పినా పదును రాకుండా, బింబం అంచు మరిగే పాలలా ఉడుకుతుంటే అది ఫోకస్ దోషం కాదు, గాలి దోషం. సిమెంటు డాబా దీనికి అన్నిటికంటే చెడ్డ చోటు. తొమ్మిదింటికే అది పెనంలా కాగి, వేడి గాలిని గొట్టం ముందుకు లేపుతుంది. నీరు అంత త్వరగా వేడెక్కదు. ఉదయపూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ సరస్సు మధ్యలో కట్టినది ఇందుకే. ఆ వేధశాలకు వెతుక్కోవలసి వచ్చినది మనకు ఇంటి వెనుకే ఉంది: భీమవరం చుట్టుపక్కల చేపల చెరువు గట్టు, కోనసీమలో కాలువ గట్టు, ఊడ్చిన వరిచేను పక్కన పచ్చిక చోటు. సూర్యుడి వైపు నీరు ఉండేలా, అంటే ఉదయం చెరువుకు పడమటి గట్టున, టెలిస్కోపు పెట్టుకోవాలి.

వేళ ఉదయం, పొద్దెక్కి గంటన్నర దాటాక, పదిలోపు. డిసెంబరు, జనవరిల్లో మంచు విడిచే దాకా ఆగాలి. వర్షాకాలంలో జల్లు పడి వెలిసిన ఉదయం గాలి కడిగినట్లు ఉంటుంది, అలాంటి అరగంట దొరికితే వదలవద్దు. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు. మామూలు స్టాండు మీద గొట్టాన్ని అంత నిట్టనిలువుగా తిప్పడం కష్టం, ఎలాగూ అప్పటికి గాలి చెడి ఉంటుంది.

రాబోయే రెండు సందర్భాలకు ఈ పోలికను వర్తింపజేసి చూపిస్తాను. 2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా వలయ సూర్యగ్రహణం సాగుతుంది, మన డెల్టాలో అది పాక్షికం. కొరికిన బింబం 9 సెంటీమీటర్ల ప్రొజెక్షన్‌లో బ్రహ్మాండంగా కనిపిస్తుంది, జనం ఎంతమంది వచ్చినా సరే. అక్కడ ఫిల్మును ఎంచుకోవడం అనవసరపు వరుసను ఎంచుకోవడమే. 2032 నవంబరు 13న మాత్రం బుధగ్రహం సూర్యుడి మీదుగా పోతుంది, మనకు మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ముగుస్తుంది. అదే 9 సెంటీమీటర్ల కాగితపు బింబం మీద బుధుడు అర మిల్లీమీటరు చుక్క. 1631లో పారిస్‌లో ఖగోళ పరిశీలకుడు గస్సెండీ అలాంటి చుక్కను ప్రొజెక్షన్‌లో చూసి, ఇంత చిన్నగా ఉంటుందని అనుకోక, ముందు సూర్యుడి మచ్చే అనుకున్నాడు. దానికి మూతి ఫిల్ము, 80 రెట్ల ఐపీస్, మధ్యాహ్నపు గాలి కాబట్టి పడమటి వైపు నీరున్న గట్టు కావాలి. ఇవాళ కొన్న ఫిల్ము మన చెమ్మలో అప్పటి దాకా నిలుస్తుందని నమ్మకం పెట్టుకోకుండా, ఆ సంవత్సరం దసరా నాటికి కొత్తది తెప్పించి, పాతదాన్ని కత్తిరించి పారేయండి.